పానం మంచిగ లేదు

పోయిన నెల మా అక్షిత వచ్చి రెండు రోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళింది. అక్షిత అంటే మా చిన్నాయన మనవరాలు, నాకు తమ్ముడి వరసయ్యే శ్రీకాంత్ కూతురు. హైదరాబాద్‌లో డిగ్రీలో సైకాలజీ తీసుకుంది. మా ఇంటి మొత్తంలో నా తరువాత ఆ చదువు చదువుతున్నది అదొక్కతే కాబట్టి నా మీద తనకేదో ప్రత్యేకమైన హక్కు ఉన్నట్టు చనువు చేస్తుంది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోన్ నా ముందు పెట్టి రికార్డింగ్ నొక్కి, "అత్తా, కాలేజీల అసైన్‌మెంట్ ఇచ్చిర్రు. ఇంట్ల పెద్దోళ్ళను అడిగి రాయాలె. మీ టైంల గీ డిప్రెషన్ గిట్ల ఏం ఉండకపోతుండె గద? అందరు కలిసి ఉంటుండిరి, పని చేస్కుంటుండిరి, గందుకే రాకపోతుండె అని మా డాడీ అంటడు. నిజమేనా?" అని అడిగింది.

వాళ్ళ డాడీ అన్నాడనేసరికి నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ మాట అనడానికి అందరికంటే తక్కువ అర్హత ఉన్నవాడు వాడే. పాపం, వాడికేం తెలుసు? ఆ రోజుల్లో వాడు తొట్టెలలో ఉన్నాడు. ఫోన్ ఆపెయ్యమని, టీ పెట్టి ఇచ్చి, మా కాలేజీ గురించీ ఎర్రబస్సు ప్రయాణాల గురించీ ఏవో నాలుగు ముచ్చట్లు చెప్పి దాన్ని మరిపించాను. అది వెళ్ళిపోయాక మాత్రం నాకు నిమ్మళం లేదు. దానికి చెప్పకుండా దాటేసింది ఇక్కడ రాస్తున్నాను.

నిజం చెప్పాలంటే నేను సైకాలజీ కోరి చదవలేదు. నాకు ఎకనామిక్స్ కావాలి. నిజామాబాద్ కాలేజీలో అప్లికేషన్ పట్టుకుని నా వంతు వచ్చేసరికి ఆ గ్రూపు నిండిపోయింది. కిటికీ లోపలి మనిషి తలెత్తకుండానే "చరిత్ర, రాజనీతి, సైకాలజీ ఉన్నది. తీస్కుంటవా, జరుగుతవా?" అన్నాడు. జరిగితే ఇంటికి తిరిగి వచ్చి పసుపు తవ్వడమే. తీసుకున్నాను. బయట వేపచెట్టు కింద నిలబడ్డ మా బాపు "ఏం సదువు బిడ్డా గది?" అని అడిగాడు. మనసు గురించిన చదువు అని చెప్పాను. ఆర్మూర్ దాకా బస్సులో ఆలోచించి, దిగేటప్పుడు, "మనసు గురించి సదివెటందుకు మూడేండ్లు పడ్తదా?" అన్నాడు. అంతకు మించి ఆయన ఎన్నడూ ఏమీ అడగలేదు. ఎవరైనా అడిగితే "మా పెద్దబిడ్డ నిజామాబాద్‌ల సదువుతుంది" అని ఊరుకునేవాడు, చదువు పేరు జోలికి పోకుండా.

వాడకట్టు మాత్రం ఊరుకోలేదు. సగం మంది దాన్ని పిచ్చోళ్ళ చదువు అన్నారు. మిగతా సగం, ఎదుటి మనిషి కడుపులో మాట కనిపెట్టే విద్య ఏదో నేర్చుకుంటున్నానని నమ్మారు. పెర్కిట్ నుంచి ఒకామె ముక్కుపుల్ల పోయిందని ఆటో కట్టించుకుని వచ్చింది. ఇంట్లో ఇద్దరు కోడళ్ళ మీద అనుమానమట, ఎవరు తీశారో వాళ్ళ మొహాలు చూసి చెప్పాలట. నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే మా అవ్వ ఆమెకు చాయ్ ఇచ్చి, "మా పోరిది ఇంక మొదటి సంవత్సరమే అక్కా. మొదటేడు ఇత్తడి సామాన్లు ఎవలెత్తుకపోయిర్రో జెప్తరు. బంగారం మూడో ఏడు" అని పంపించింది.

అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. ఇల్లూ పొలమూ ఆమె చేతి మీదే నడిచేవి. ఎండాకాలం మొదలవుతుందనగా మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు, పసుపుబట్టీలా ఉండేది. తవ్విన పసుపు బండ్ల మీద వచ్చి పెరట్లో కుప్పపడేది. దాని మట్టి దులిపి, కొమ్ములు వేరు చేసి, పెద్ద పెద్ద కడాయిలలో ఉడకబెట్టేవాళ్ళు. అవ్వ తలకు తువ్వాల చుట్టుకుని కడాయి పక్కన పీట వేసుకుని కూర్చునేది. చీపురుపుల్లతో కొమ్మును గుచ్చి చూసి, పుల్ల మెత్తగా దిగితే "దించుండ్రి" అనేది, లేకపోతే ఇంకో మోపు ఎండాకు మంటలోకి తోయించేది. ఉడికే పసుపు వాసన వంటింట్లో పసుపు వాసన లాంటిది కాదు. పచ్చి మట్టి, ఆవిరి, ఘాటు కలిసి గొంతులోకి దిగుతుంది. ఆ నెలల్లో మా అన్నం, మా దుప్పట్లు, మా జుట్టు అన్నీ అదే వాసన. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి పచ్చబడ్డ నా చేతులు చూసి పెండ్లి ఎప్పుడైందని అడిగింది.

ఆ కాలేజీలో మాకు చదువంతా తెలుగులోనే, కానీ ఆ తెలుగు మా ఇండ్లలో ఎవరూ పుట్టి పెరిగి వినని తెలుగు. ఉద్దీపన, ప్రతిస్పందన, అభ్యసనం, విస్మృతి. మనం ఎవరి మీద ప్రయోగం చేస్తామో ఆ మనిషిని 'ప్రయోజ్యుడు' అనాలి. ప్రాక్టికల్స్ కోసం నాకు ప్రయోజ్యులు కావాలి, మా ఇంట్లో మనుషులకు కొదవలేదు. అద్దంలో చూస్తూ కాగితం మీది నక్షత్రం గీత వెంబడి పెన్సిల్ నడిపించే ప్రయోగం అవ్వ చేత చేయించబోయాను. పెన్సిల్ ఎటు తోస్తే అటు కాకుండా ఇంకోవైపు పోతుంటే అవ్వ కాసేపు ఓపిక పట్టి, "నీ అద్దానికే తిక్క లేసింది, దాన్ని సూపియ్యి మీ సార్లకు" అని లేచిపోయింది. అది కూడా ప్రతిస్పందనే అని రికార్డులో రాసుకున్నాను. అట్లా ఇల్లంతా నా చదువుతో నవ్వులాటగా ఉన్న సంవత్సరంలోనే మా చిన్నమ్మ కాన్పు అయింది.

చిన్నమ్మ పేరు రాజమణి. బాల్కొండ పిల్ల. నాకంటే రెండేళ్ళు పెద్దదేమో, అంతే. కొత్త కోడలిగా వచ్చిన రోజు నుంచీ వరస చిన్నమ్మ వరసే గానీ, స్నేహం ఒక బెంచీ మీద కూర్చునే పిల్లల స్నేహం. గలగలా మాట్లాడే మనిషి. చిన్నాయన దుబాయ్ పోయినప్పుడు ఆమెకు నాలుగో నెల. మొదటి కాన్పు తల్లిగారింట్లో కావాలి. కానీ ఆమెకు తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. అక్కడ అన్నా వదినా ఉన్నారు గానీ వాళ్ళు పిలవలేదు, అవ్వ అడగలేదు. "మనింట్లనే కానియ్యి" అంది. కొడుకు పుట్టాడు. ఇల్లంతా సంబరపడింది. పసుపు పని సగంలో ఉంది కాబట్టి ఆ సంబరం కూడా పరుగుల మీదే జరిగింది.

బాలింతను పెట్టిన గది ఇంటి వెనక, పెరటి వైపు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి, పొద్దూమాపూ సాంబ్రాణి పొగ, ఓమ నీళ్ళు, ఎల్లిగడ్డ కారంతో నాలుగు ముద్దలు. గాలి తగలకూడదని కిటికీ మూసేసేవాళ్ళు. మా అమ్మ వచ్చి స్నానం చేయించి పోయేది, అవ్వ వచ్చి పిల్లవాడికి నూనె రాసి పోయేది. ఎవరూ నిర్లక్ష్యం చేశారని చెప్పలేను. అందరూ వచ్చేవాళ్ళు, చేయవలసింది చేసేవాళ్ళు, కడాయి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. చిన్నమ్మ మాట్లాడటం తగ్గిందని ముందు గమనించింది ఎవరో నాకు తెలియదు. తొట్టెల పండుగ నాడు మాత్రం అందరికీ తెలిసింది. ఆడవాళ్ళు పాటలు పాడుతూ పిల్లవాణ్ణి తొట్టెలలో వేస్తుంటే చిన్నమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది. పేరు పెట్టేటప్పుడు చెవిలో చెప్పమంటే చెప్పలేదు. "కాకిపిల్ల కాకికి ముద్దంటరు, గీమెకు గింత సక్కటి పిల్లగాడు ముద్దైతలేడా?" అని ఎవరో అన్నారు. గాలి సోకిందని ఒకరు, ఎవరో ఏదో చేశారని ఒకరు. పసుపు ఉడికినంతసేపూ ఈ మాటలు కూడా ఉడుకుతూనే ఉన్నాయి.

నా ప్రాక్టికల్స్‌లో పదాల ప్రయోగం ఒకటి ఉంది. మనం ఒక్కో మాట చదువుతాం, ప్రయోజ్యుడు తనకు వెంటనే తోచిన మాట చెప్పాలి. అందరూ పెరట్లో ఉన్న ఒక మధ్యాహ్నం, దొరికిన మనిషి చిన్నమ్మే కాబట్టి గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. ఆమెతో కాస్త మాట కలిపినట్టూ ఉంటుందనుకున్నాను. పుస్తకంలోని మాటలు వరసగా చదివాను. 'ఎండ' అంటే ఏమో అంది. 'దారి' అంటే ఏమో అంది. 'నీళ్ళు' అంటే "బాయి" అంది. సంతోషించాను, మా ప్రాంతంలో ఏ రైతు ఇంటి మనిషైనా నీళ్ళంటే బావి అనే అంటుంది. 'లోతు' అన్నాను. "బాయి" అంది. 'నిద్ర' అన్నాను. ఈసారి కాసేపు ఆగి, చాలా మెల్లగా, "బాయి" అంది.

నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఆమె నా వైపు తిరిగి, ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నట్టు, ఒక్క ఊపున చెప్పేసింది. "వాడు ఏడుస్తుంటే నాకేం అనిపిస్తలేదు విమలా. రాయి లెక్క ఉంటున్న. పాలిస్త గని, ఎవల పిలగాడో అన్నట్టున్నది. గిట్ల ఉంటదా తల్లంటే? నాకు తల్లి లేకపాయె, ఎట్లుండాల్నో సూడకపోతి. వాన్ని ఎవలన్న మంచోళ్ళకియ్యుండ్రి. నాతోటి కాదు." పుస్తకం అక్కడే పడేసి ఆమె చేతులు పట్టుకుని కూర్చున్నాను. రెండు చేతులూ చల్లగా ఉన్నాయి, ఆ ఉక్కపోతలో కూడా.

మర్నాడు కాలేజీలో క్లాసు అయ్యాక సైకాలజీ సార్ వెంట నడిచి అంతా చెప్పాను. ఆయన ఎప్పుడూ పుస్తకం భాషే మాట్లాడేవాడు. ఆరోజు మాత్రం మామూలుగా మాట్లాడాడు. "చూడమ్మా, నేను పాఠం చెప్పేవాణ్ణి, వైద్యం చేసేవాణ్ణి కాను. కాన్పు తర్వాత కొందరికి ఇట్లా అవుతుంది, మందులున్నాయి, తగ్గుతుంది. ఇక్కడ పెద్దాసుపత్రిలో దీనికి డాక్టరు ఉన్నాడు. రేపే తీసుకురండి. అంతవరకూ ఆమెను ఒక్కతినీ వదలకండి" అన్నాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, "ఇంట్లో ఏం చెప్పి తీసుకొస్తావో ఆలోచించుకో. ఆ ఒక్క మాట తప్పుగా పడితే ఇక ఎవరూ తీసుకురారు" అన్నాడు. బస్సులో దారి పొడుగునా ఆ ఒక్క మాట కోసమే వెతుక్కున్నాను. పుస్తకంలో దాని పేరు వ్యాకులత. దాని ముందు మానసిక అని ఉంది, వెనక రుగ్మత అని ఉంది. మా వాడకట్టులో ఈ మూడు మాటలకూ కలిపి ఒకటే అర్థం, పిచ్చి.

ఇంటికి వచ్చేసరికి గంగత్త వచ్చి ఉంది. బాపు చెల్లెలు, పెర్కిట్‌లో ఇచ్చారు. పిల్లవాడి బట్టలు మూట కట్టి పెరటి అరుగు మీద పెట్టుకుంది. పొద్దుననే వచ్చి కూర్చుని, పిల్లవాణ్ణి తనింటికి తీసుకుపోతానని అవ్వను అప్పటికే ఒప్పించేసింది. అవ్వ కడాయి పక్కన పీట మీదే ఉంది, మంట చూస్తోంది. మా అమ్మ పసుపు ఎత్తిపోస్తూనే కండ్లు తుడుచుకుంటోంది. గంగత్త చెడ్డ మనిషి కాదు, నేను ఆమెను అట్లా ఎన్నడూ తలుచుకోలేదు. ఇద్దరు పిల్లల్ని పురిట్లోనే పోగొట్టుకున్న మనిషి. పసిపిల్ల ఏడుపు వింటే ఆమె ఒళ్ళు ఆమె స్వాధీనంలో ఉండేది కాదు.

"దాన్ని సూస్తుంటే నాకు బుగులైతుంది" అంది గంగత్త. "పిలగాడు గుక్కపట్టి ఏడ్సినా లేవది. సోయిలేదు దానికి. పిచ్చి లేసింది. రేపు ఏదన్న చేసుకుంటే, పిలగాన్ని ఏదన్న చేస్తే ఎవలు జిమ్మేదారు? నా దగ్గర ఆవుపాలున్నయ్, సాదుకుంట. దాన్ని బాల్కొండ తోలియ్యుండ్రి."

అప్పుడు అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు గా పిచ్చోళ్ళ సదువే సదువుతున్నవు గద. నువ్వు జెప్పు. దానికి లేసింది పిచ్చేనా?"

"కాదవ్వా" అన్నాను.

"మరేంది?"

బస్సులో వెతికిన మాటలన్నీ ఎటో పోయాయి. "వ్యాకులత అంటరవ్వా" అన్నాను.

"యాకులా? అదేందే?"

"సూస్తివా, పేరు గుడ వెట్టిర్రు. పేరున్నదంటే పిచ్చే" అంది గంగత్త.

నాకు ఏడుపొచ్చింది. పుస్తకాన్ని వదిలేశాను. చూసింది చూసినట్టు చెప్పాను. "ఆమెకు నిద్ర వడ్తలేదవ్వా. బుక్క లోపలికి పోతలేదు. పిలగాడు ఏడుస్తుంటే లేవబుద్ధయితలేదు. లేవలేకపోతున్నందుకు మల్ల లోపల్లోపల ఏడుస్తుంది. కావాలని చేస్తలేదు. తన చేతుల లేదు. మందులేస్తే తగ్గుతదట. తీస్కపోకుంటే..." అని, బావి సంగతి నోటి దాకా వచ్చి, గట్టిగా చెప్పలేక అవ్వ చెవిలో చెప్పాను.

అవ్వ చీపురుపుల్ల పక్కన పెట్టింది. తరువాత, "గంతేనా? పానం మంచిగ లేదంటవు" అంది.

"అవునవ్వా. పానం మంచిగ లేదు."

"గింత మాట జెప్పెటందుకు గంత తిప్పలేందే నీకు?" అని, గంగత్త వైపు తిరిగింది. "జరమొచ్చిన తల్లి దగ్గరికెళ్ళి పిల్లను గుంజుకపోతరా ఎవలన్న? నీకు పిల్లలు పోయినప్పుడు ఆర్నెల్లు నువ్వు నెత్తి దువ్వుకోలే. మీ అత్తగారు పిచ్చి లేసిందని నిన్ను మా ఇంటికి తోలియ్యవట్టె. నేనేమన్న? బిడ్డ పానం మంచిగ లేదన్న. మల్ల నీ ఇంటికి నిన్ను పంపిన్నా లేదా?"

గంగత్త మూట ఒళ్ళో పెట్టుకుని పసుపు కుప్ప పక్కన అట్లాగే కూలబడి, పెద్దగా ఏడ్చింది. ఎవరి కోసం ఏడ్చిందో నేను చెప్పలేను. తరువాత లేచి మొహం కడుక్కుని, బట్టల మూట విప్పి, తీగ మీద ఆరేసి, పొయ్యి మీద పాలు పెట్టింది. ఆ రాత్రి తన ఇంటికి పోలేదు, చిన్నమ్మ గదిలోనే పడుకుంది.

పొద్దున్నే అవ్వ, చిన్నమ్మ, నేను, నా చేతుల్లో పిల్లవాడు, బస్టాండ్‌లో నిలబడ్డాం. పచ్చి బాలింతను బస్సు ఎక్కించడం అంటే ఊరంతా అడుగుతుంది. అడిగారు కూడా, ఒకరి తరువాత ఒకరు, అంకాపూర్ కూరగాయల గంపలవాళ్ళు, మా వాడకట్టు మనుషులు, బాపును ఎరిగిన పసుపు బేరాల అడ్తిదారు. "ఎటు వోతుర్రు పెద్దమ్మా, బాలింతను తీస్కొని?" అవ్వ తల ఎత్తి, గొంతు తగ్గించకుండా, "కోడలుకు పానం మంచిగ లేదు. నిజామాబాద్ దవాఖానకు" అంది. ప్రతి ఒక్కరూ "అయ్యో, పైలం" అన్నారు. ఏం రోగమని ఒక్కరూ అడగలేదు. గంపల ఆమె లేచి చిన్నమ్మకు కిటికీ పక్క సీటు ఇచ్చింది. శరీరం, మనస్సు, వాటి సంబంధం అని మా పుస్తకంలో మొదటి పాఠమే ఉండేది. ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. రెండూ వేరువేరని ఎవరైనా ముందు నాకు చెప్పి ఉంటే కదా, వాటికి సంబంధం కలపడం తెలిసేది. మా ఇంట్లో జ్వరం వచ్చినా పానమే బాగుండదు, దిగులు పట్టినా పానమే బాగుండదు.

డాక్టరు చిన్నమ్మతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడాడు. పాలిచ్చే తల్లికి ఇవ్వదగ్గ మాత్రలే రాశానని, పిల్లవాణ్ణి ఆమె దగ్గరి నుంచి తీయొద్దని, అట్లాగని ఇద్దరినీ ఎప్పుడూ ఒంటరిగా వదలొద్దని అవ్వకు చెప్పాడు. కిటికీ తెరవమని కూడా చెప్పాడు. లేవబోతూ చిన్నమ్మ ఆయన్ని ఒక మాట అడిగింది. "సారూ, ఇది తగ్గెడిదా? లేకపోతే నేనే గిసొంటి మనిషినా?" ఆయన "తగ్గేదే అమ్మా. నువ్వు ఇట్లాంటి మనిషివి కాదు" అన్నాడు. ఆమె ఆ మాటను నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది. కానీ తిరుగు ప్రయాణంలో బస్సు కదలగానే కండ్లు మూసుకుని ఆర్మూర్ దాకా నిద్రపోయింది.

మందు వేసిన మర్నాడే మనిషి లేచి తిరిగిందని రాస్తే అబద్ధం. రోజులు పట్టింది, వారాలు పట్టింది. పసుపు ఉడకడం అయిపోయి, కళ్ళంలో ఎండటం అయిపోయి, మెరుగు పట్టించి సంచుల్లోకి ఎక్కి, మార్కెట్‌కు పోయింది. అవ్వ కడాయి పెత్తనాన్ని మా అమ్మకు అప్పజెప్పి బాలింత గదిలోకి మకాం మార్చింది. గంగత్త పాలచెంబుతో వస్తూ పోతూ ఉండేది. ఒకరోజు సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పిల్లవాడు చిన్నమ్మ ఒళ్ళో ఉన్నాడు. మొదటిసారి ఎప్పుడు ఎత్తుకుందో నేను చూడలేదు. ఇంకొన్నాళ్ళకు అన్నాల దగ్గర ఆమె విస్తరి ముందు నుంచి, "గీ చారుల ఉప్పు ఎవలేసిర్రు? మనుషులు తింటరా గిది?" అని మా అమ్మ మీద కేకలేసింది. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. అవ్వ ఆ ఉప్పుచారే మళ్ళీ పోయించుకుని తాగింది.

ఏడాది తరువాత చిన్నాయన దుబాయ్ నుంచి వస్తే, అప్పుడు పానం మంచిగ లేకుండె అని మాత్రం చెప్పాం. ఆయనా అంతకు మించి అడగలేదు. మాట ఎంత మేలు చేసిందో అంత కప్పేసింది కూడా. అందుకే శ్రీకాంత్ ఆ కాలంలో ఇవేమీ లేవని కూతురికి ధీమాగా చెబుతున్నాడు. పాతకాలం బంగారమని నేననను. మా వెనక గల్లీలో ఇదే తీరుగ ఉన్న ఒక పిల్లను దయ్యం వదిలిస్తామని వేపమండలతో కొట్టించారు. ఆమె ఇంట్లో సైకాలజీ చదివే పిల్ల లేదు, మా అవ్వ లాంటి అత్త లేదు. ఆమె తిరిగి మనిషి కాలేదు. ఇప్పుడు అక్షిత పరీక్ష దగ్గరికొస్తే యాంగ్జైటీ అంటుంది, స్నేహితురాలు మాట్లాడకపోతే ట్రామా అంటుంది. నాకు చిర్రెత్తుకొస్తుంది. కానీ దాని రూమ్మేట్ పన్ను నొప్పికి పోయినంత తేలికగా కౌన్సెలర్ దగ్గరికి పోయివస్తుందని విన్నప్పుడు ఆ చిరాకంతా పోతుంది. ఎన్ని మాటలైనా ఉండనీ, కొన్ని అతిగా ఉన్నా ఉండనీ. ఒక్క మాట దొరక్క నేను బస్సులో పడ్డ అవస్థ ఇంకే పిల్లా పడకూడదు.

ఆ డిగ్రీ నాకు ఉద్యోగమేమీ ఇవ్వలేదు. బీఎడ్ చేసి, సాంఘికశాస్త్రం చెబుతూ రిటైరయ్యాను. సైకాలజీ ఎందుకు చదివావని ఎవరైనా అడిగితే ఎకనామిక్స్ నిండిపోయిందని చెబుతాను. లోపల మాత్రం ఆ రోజు ఆ కిటికీ దగ్గర జరగకుండా నిలబడ్డందుకు ఇప్పటికీ సంతోషపడతాను.

ఇంతవరకూ రాసి, కాగితాలు సంచిలో పెట్టుకుని ఆర్మూర్ పోయి చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది. వద్దంటే అక్కడే చించేద్దామని నేను సిద్ధంగానే ఉన్నాను. "రాసుకో" అంది. "అక్షితకు గుడ నేనే జెప్త, నువ్వు ఫికర్ చెయ్యకు. వాళ్ళ డాడీకి గుడ జెప్త." ఇంకో కాయ తీసుకుని, "గని నీకు తెల్వని ముచ్చటొకటున్నది" అంది.

"అందరు పనికి వోయినంక మీ అవ్వ పిలగాని పక్కల సాప ఏస్కుంటుండె. 'నాకు నిద్రొస్తుందే రాజమణీ, వీన్ని జర నువ్వే సూస్కో' అని పండుతుండె. గుర్రు గుడ కొడ్తుండె. డాక్టరు ఒంటిగ ఇడ్వద్దన్నడు గద, అయినా ముసల్ది నన్ను నమ్మి పన్నది అనుకోవాల్నని, గంత నాటకం. గని గుర్రు కొట్టుకుంటనే దవడ ఆడిస్తుండె. నోట్లె తంబాకు! పన్న మనిషి తంబాకు నములుతదా?"

"మరి తెల్సినంక నువ్వేం చేసినవు చిన్నమ్మా?"

"ఏం జేస్త? ముసల్ది గంత కష్టపడి నిద్రపోతుంటే సూసుకుంట కూసుంటనా? పిలగాడు ఏడ్సిండు. లేసి ఎత్తుకున్న."